తొమ్మిదో నంబరు బిళ్ల

గోడకు బిగించిన పలక మీద పద్నాలుగు మేకులున్నాయి. పద్నాలుగింటికీ పద్నాలుగు చెక్క బిళ్లలు వేలాడుతున్నాయి. బిళ్లల్లో ఒక్కటీ తగ్గలేదు. తగ్గింది మనిషి.

"మళ్లీ చెప్పండి," అన్నాను. "నిన్న పొద్దున్నుంచి."

కండక్టరుగారు విసుక్కోలేదు. ముప్పై రెండేళ్లు బస్సులో జనం చేత తిట్లు తిన్న మనిషికి నా ప్రశ్నలొక లెక్కా? రిటైరయ్యాక ఈ పడవల షెడ్డు తాళాలు, హాజరు, కాపలా అన్నీ ఆయనే చూసుకుంటున్నారు. జీతం లేదు. ఇక్కడ ఎవరికీ లేదు. ఈత నేర్పే కోచ్ ఒకాయన, మందుల షాపు అన్నదమ్ములిద్దరు, బట్టలు కుట్టే టైలరమ్మ, ఇలాంటివాళ్లంతా సెలవు రోజున నిద్ర మానుకుని వస్తారు. కొందరు ఒడ్డున కాపలా, కుట్టుపని చూస్తే, మిగతావాళ్లు చిన్న తెడ్డు పడవలేసుకుని హార్బరులో ఒక ఓడకు అడ్డం నిలబడతారు. నడిసముద్రం అడుగున ఆలుగడ్డలంత నల్లటి ఖనిజపు గడ్డలుంటాయట. వాటిని పెళ్లగించి పైకి లాగే ఓడ అది. ముట్టెతో నేల కెళ్లగిస్తుంది కాబట్టి వీళ్లు దానికి పెట్టిన ముద్దుపేరు "పంది".

"తొమ్మిదీ ఐదుకి బయల్దేరారమ్మా. పద్నాలుగు పడవలు, మనిషికొకటి. అందరికీ పసుపుపచ్చ ఆక్టోపస్ మాస్కులు, నుదుటి మీద నంబరు. ఎవరి నంబరు బిళ్ల వాళ్లు మేకు మీంచి తీసి లైఫ్ జాకెట్‌కి కట్టుకోవాలి. తిరిగొచ్చాక వాళ్లే తగిలించాలి. మొగుడి బిళ్ల పెళ్లాం కూడా ముట్టుకోకూడదు. అది ఇక్కడి రూలు."

"తిరిగొచ్చింది?"

"పదకొండూ ఇరవైకి. పడవలు ఒడ్డునే ఆరబెట్టి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. పలక చూశాను, పద్నాలుగూ ఉన్నాయి. పదకొండూ ముప్పావుకి తాళం వేశాను."

సాయంత్రం నాలుగింటికి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది, మా అక్క ఇంటికి రాలేదని. ఐదింటికి అలలను ఆపడానికి వేసిన రాళ్ల గట్టు దగ్గర తొమ్మిదో నంబరు పడవ బోర్లా దొరికింది. లోపల మాస్కు ఇరుక్కుని ఉంది. ఈ ఉదయం ఏడింటికి పోలీసులు కోచ్‌ని తీసుకుపోయారు, మనుషుల్ని లెక్క చూసుకోకుండా షెడ్డు మూయించాడని. ఎనిమిదింటికి ఆ చెల్లెలు నా డిటెక్టివ్ ఆఫీసు తలుపు కొట్టింది.

తప్పిపోయినావిడని ఇక్కడ అందరూ ల్యాబక్క అంటారు. తవ్వే కంపెనీలోనే ఎనిమిదేళ్లు సముద్రపు బురద పరీక్షలు చేసింది. మూడు నెలల కింద మానేసి ఇటు వచ్చేసింది. తవ్వినప్పుడు లేచే బురద పది కిలోమీటర్లలో సర్దుకుంటుందని కంపెనీ రిపోర్టు. వంద దాటినా సర్దుకోదని, దారిలో ఉన్న ప్రాణులన్నీ దాని కింద సమాధి అవుతాయని ఆవిడ లెక్క. తన లెక్కను కంపెనీ మార్చేసిందని రేపు ఉదయం పదింటికి లైసెన్సు కమిటీ ముందు నిలబడి చెప్పాలి. కాగితాలు ఎవరైనా ఇవ్వొచ్చు, కానీ నేనే రాశానని చెప్పడానికి ఆ మనిషే రావాలి. ఆవిడ రాకపోతే పంది ఎల్లుండి బయల్దేరుతుంది.

ఇప్పుడు రెండూ పది. ఇంకా ఇరవై గంటలు కూడా లేదు.

"కండక్టరుగారూ, వెళ్లేటప్పుడు కూడా పలకే చూశారా?"

"లేదమ్మా, వెళ్లేటప్పుడు తలలు లెక్కపెట్టా." జేబులోంచి పాత టికెట్ పంచ్ తీసి టకటకలాడించారు. "అలవాటు పోలేదు. ఒక్కో తలకీ ఒక్కో నొక్కు. పద్నాలుగు నొక్కులు."

"మరి వచ్చేటప్పుడు తలలెందుకు లెక్కపెట్టలేదు?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "దిగేవాళ్లని ఏ కండక్టరు లెక్కపెడతాడమ్మా? ఎక్కేవాళ్లనే కదా."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది. వెళ్లేటప్పుడు లెక్క మనుషులది, వచ్చేటప్పుడు లెక్క బిళ్లలది. రెండు లెక్కలూ నిజమే. రెండింటి మధ్య నుంచే ఒక మనిషి జారిపోయింది.

పలక దగ్గరికి వెళ్లాను. ఒకటో నంబరు బిళ్ల తాడు పట్టుకు చూస్తే ఎండిన కొమ్మలా గట్టిగా ఉంది, మడతల్లో తెల్లటి పొడి. రెండోదీ అంతే. తొమ్మిదో దాని తాడు మాత్రం కొత్త నాడాలా మెత్తగా వేలికి చుట్టుకుంది. అనుమానం తీరక నాలిక్కి ఆనించాను. ఉప్పు లేదు. పక్కనున్న పదోది ఆనించాను. కరకరలాడే ఉప్పు.

"వీటిని ఎప్పుడు కడిగారు?"

"శుక్రవారం సాయంత్రం, మంచినీళ్లలో. తాళ్లు కుళ్లిపోతాయని ప్రతిసారీ ముందురోజు కడుగుతా." నేను నాకిన బిళ్ల వైపు ఆయన కాస్త బాధగా చూశారు.

అంటే నిన్న పదమూడు బిళ్లలే సముద్రానికి వెళ్లాయి. తొమ్మిదోది మేకు మీంచి దిగనే లేదు. ఎవరూ దాన్ని తిరిగి తగిలించలేదు, తీస్తే కదా తగిలించడం!

లోపలి గదిలో కుట్టుమిషను ఆగకుండా తిరుగుతోంది. టైలరమ్మ రేపటి కోసం బ్యానర్లు కుడుతోందట. మనిషి పోయిందని ఊరంతా ఏడుస్తుంటే ఈవిడకు బ్యానర్లేమిటని మొదట చిరాకేసింది గానీ, దుఃఖం ఒక్కొక్కరి చేత ఒక్కో పని చేయిస్తుందని సరిపెట్టుకున్నాను. కాసేపటికి ఆవిడే రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి పెట్టింది. కుడికాలికి గుడ్డకట్టు ఉంది. ఏమైందంటే మిషను పెడలు తగిలిందంది.

చెల్లెలు బోర్లించిన పడవ మీద కూర్చుంది. ముప్పై దాటని పిల్ల. రాత్రంతా ఏడ్చిన కళ్లు.

"నిన్న అక్క ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరింది?"

"ఏడున్నరకి. జడ నేనే వేశా."

"రోజూ నువ్వే వేస్తావా?"

"ఏడాది నుంచి. దానికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం దాకా కూడా లేవదు. పై అరలో డబ్బా కావాలన్నా నన్నే పిలుస్తుంది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తెడ్డు ఎలా వేస్తావే అంటే, తెడ్డు కిందే కదా వేసేది, చెయ్యెత్తక్కర్లేదు అనేది. నేనే వెళ్లొద్దనాల్సింది. ఈదలేకపోయుంటుంది."

"పోయిందని అప్పుడే ఎందుకనుకుంటావు?" అన్నాను. ధైర్యం కోసం అన్న మాటే. అప్పటికి నా దగ్గర ఒక మెత్తటి తాడు తప్ప ఏమీ లేదు.

రెండూ యాభైకి షెడ్డు ముందు జీపు ఆగింది. దిగినవాడిని చూడగానే నా రక్తపోటు పెరిగింది. కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. పేరు చెప్పి గౌరవించడం ఇష్టంలేక నేను మీసం అంటాను. పదకొండేళ్ల కింద ఇద్దరం హార్బరు పోలీసులో ఎస్సైలం. నేను మానేసి డిటెక్టివ్‌నయ్యాను, వాడు మానేసి లావయ్యాడు.

"ఏం అక్కా, ఇంకా తప్పిపోయిన కుక్కపిల్లల్నే వెతుకుతున్నావనుకున్నా," అన్నాడు. అక్కా అక్కా అంటూనే గోతులు తవ్వే రకం.

"కుక్కల్నయితే పట్టుకోవడం తేలిక. వాసన చూసి దొరికిపోతాయి. నువ్వెందుకొచ్చావు?"

వాడు నన్ను దాటుకుని చెల్లెలి ముందు ఒంగి కూర్చున్నాడు. గొంతులో పంచదార పోసుకున్నాడు. "అమ్మా, మీ బాధ మాకు తెలుసు. ఎంతైనా ఆవిడ మా దగ్గర పనిచేసిన మనిషి. ఇది ఓడ మీది కెమెరా తీసిన ఫొటో, నిన్న పదీ నలభైకి. ఇందులో ఉన్నది మీ అక్కేనని ఇక్కడ సంతకం పెడితే, ఆ తర్వాత నీళ్లలో పడిపోయిందని పోలీసులు రాసుకుంటారు. రేపు కమిటీలో పేరు పిలిచి ఖాళీ కుర్చీని చూసే బాధ కూడా తప్పుతుంది."

ఆ పిల్ల పెన్ను తీసుకుంది. ఆ కాగితం మీద సంతకం పడితే అక్క అక్కడితో చచ్చిపోయినట్టే, ఆవిడ చెప్పాల్సిన మాట కూడా. నేను కాగితం లాక్కున్నాను.

"నీకెందుకింత తొందర? శవం దొరకలేదు. తప్పిపోయిందని తెలిసి ఇరవై నాలుగ్గంటలైనా కాలేదు."

"నాకేం తొందర? ఈ షెడ్డులో ప్రతి ఒక్కళ్ల ఇల్లూ వాకిలీ నా ఫైల్లో ఉన్నాయి. మునిగింది ఎవరో, మునగనిచ్చింది ఎవరో అన్నీ తెలుసు. నువ్వే అనవసరంగా ఆ పిల్లకి ఆశ పెడుతున్నావు."

ఫొటో చూశాను. పసుపు మాస్కు, నుదుటి మీద తొమ్మిది. పడవలో మోకాళ్ల మీద లేచి, బ్యానరు కర్రను కుడిచేత్తో తలకంటే ఎత్తుగా ఎత్తిపట్టుకుంది. నిటారుగా.

పట్టరాని సంతోషం వేసింది నాకు. దాచుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే దాచుకోవాలనీ అనిపించలేదు. ఈ మీసం ముందు గెలిచి పదకొండేళ్లయింది.

"ఇది వాళ్లక్క కాదు," అన్నాను.

"మాస్కులో మొహం కనిపించిందా నీకు?"

"చెయ్యి కనిపిస్తోంది. ల్యాబక్కకి కుడిచెయ్యి భుజం దాకా లేవదు. ఏడాది నుంచి జడ చెల్లెలే వేస్తోంది. ఇక్కడేమో ఎవరో జెండా కర్రలా ఎత్తి పట్టుకున్నారు. ఇంకా కావాలా? తొమ్మిదో బిళ్ల తాడుకి ఉప్పే లేదు. అది నిన్న సముద్రమే చూడలేదు. ల్యాబక్క నిన్న పడవెక్కలేదు. ఎక్కని మనిషి మునగదు. ఆవిడ బతికే ఉంది!"

చెల్లెలి చేతిలోంచి పెన్ను కిందపడింది. మీసం ఫొటోని తీసుకుని ఒక్క క్షణం దీక్షగా చూశాడు. వాడి మొహంలో ఓటమి కోసం వెతికాను. కనిపించిందనే అనుకున్నాను.

"సరే అక్కా," అన్నాడు మెల్లగా. "మరి పడవలో ఉన్నదెవరు?"

అక్కడ నోరు మూసుకోవాల్సింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ చెవినిల్లు కట్టుకుని చెప్పింది.

"ఆలోచించుకో. బిళ్ల తీసుకోవాలన్న రూలు తెలియని మనిషి. అంటే ఎప్పుడూ నీళ్లలోకి దిగని మనిషి. అయినా మాస్కులు చేతికందేంత దగ్గరి మనిషి, లోపలి మనిషి."

మాట పూర్తయ్యేసరికి లోపల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

నాకు వినబడింది. వాడికీ వినబడింది. లోపలి గది వైపు ఒక్కసారి చూసి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. "సంతకం అక్కర్లేదులేమ్మా," అన్నాడు చెల్లెలితో. నాతో మాత్రం, "థాంక్స్ అక్కా," అన్నాడు. జీపు కదిలేసరికి మూడూ పది.

ఓడినవాడు థాంక్స్ చెప్పడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు, గెలిచిన మత్తులో ఉన్నాను. చెల్లెలు నన్ను వాటేసుకుని ఏడ్చింది. కండక్టరుగారు కళ్లు తుడుచుకుని, మళ్లీ మళ్లీ పంచ్ నొక్కుకున్నారు. నేను స్టేషనుకు ఫోన్ చేసి కోచ్‌ని వదిలెయ్యమన్నాను. ఇన్‌స్పెక్టరు, అదంతా కాగితం మీద రాసిమ్మన్నాడు, ఫోన్లో మాటలకు మనుషుల్ని వదిలేది లేదన్నాడు. అతనితో వాదించి పెట్టేసేసరికి మూడూ ఇరవై ఏడు. పదిహేడు నిమిషాలు. తర్వాత ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నానో ఆ పదిహేడు నిమిషాల్ని.

లోపలి గదిలోకి వెళ్లాను. టైలరమ్మ మిషను ముందు అలాగే కూర్చుని ఉంది. సూది కింద బ్యానరు సగంలో ఆగింది. నేను ఆవిడ కాలి కట్టు వైపు చూశాను.

"పెడలు తగిలితే పాదం పైన తగులుతుంది. నీ కట్టేమో అరికాలి నుంచి మడమ దాకా ఉంది. రాళ్ల గట్టు మీద చెప్పుల్లేకుండా నడిస్తే అలా అవుతుంది."

ఆవిడ పాదాన్ని మిషను కిందికి లాక్కుంది.

"తెడ్డు ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా నాన్న పడవలు నడిపేవాడు," అంది చివరికి. "తెడ్డు నాకు సూదికంటే ముందు తెలుసు. నాకు పడవొచ్చని వీళ్లెవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా."

"బిళ్ల?"

"మాస్కులు కుట్టాను, వాటి మీద నంబర్లు కుట్టాను. ఆ పలక వంక ఒక్కరోజూ చూసిన పాపాన పోలేదు. ఇందాక మీరు చెప్తే తెలిసింది." చేతులు ఒళ్లో ముడుచుకుంది. "గురువారం అక్క నడిచి వస్తుంటే ఒక జీపు రెండుసార్లు మీదికొచ్చింది మేడం. శుక్రవారం ఇంటి ముందు మనుషులు. పోలీసులకి చెప్తే నవ్వారు. సోమవారందాకా బతికుండాలంటే ఏం చెయ్యాలే అంది. చచ్చిపోయినదాన్ని ఎవరూ చంపరు కదక్కా అన్నాను నేను. నా బుద్ధి అది. అక్క మాస్కు నేనేసుకుని, ఓడ కెమెరాకి బాగా కనబడేలా నిలబడి, గట్టు వెనక్కెళ్లి పడవ తిప్పేసి వచ్చేశా. రేపు పదింటికి నేరుగా కమిటీ గదిలోకి నడుస్తుంది. కోచ్‌గారు కూడా అప్పుడే బయటికొస్తారు."

"చెల్లెలికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏడుస్తుందా మేడం? అది నిజంగా ఏడిస్తేనే వాళ్లు నమ్ముతారు. ఏడుస్తుందనుకున్నాం గానీ డిటెక్టివ్‌ని పెడుతుందని ఎవరనుకున్నారు?"

గుమ్మంలో అలికిడైంది. చెల్లెలు అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది. కోపం లేదు ఆ మొహంలో. ఏదో గుర్తుతెచ్చుకుంటున్నట్టు నా వైపే చూస్తోంది.

"మేడం," అంది. "మా అక్క బతికే ఉందని మీరు ఆయన ముందే చెప్పారు కదా."

వాడొచ్చింది సంతకం కోసం. ఆవిడ చచ్చిందని నమ్మాడు కాబట్టే వచ్చాడు. నమ్మి ఊరుకునేవాడు. నేను ఆవిడ బతికుందన్నాను, దాచినవాళ్లెవరో ఆనవాళ్లు చెప్పాను, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు పెట్టాను. చిరునామా వాడి ఫైల్లో ఉండనే ఉంది.

"ఎక్కడుంది ఆవిడ?"

"మా ఇంట్లో. మేడ మీది గదిలో." టైలరమ్మ అప్పటికే ఫోన్ తీసి నొక్కుతోంది. "కారులో పావుగంట. అక్క ఫోన్ ఆపేసి ఉంటుంది. మా అత్తగారికి చేస్తున్నా."

"స్పీకర్ పెట్టు."

ఆరు రింగులు మోగాక ఎత్తారు. పెద్దావిడ గొంతు, తాపీగా, కులాసాగా ఉంది.

"ఆఁ, చెప్పవే."

"అత్తయ్యా, తలుపు గడియ పెట్టండి. ఎవరొచ్చినా తియ్యకండి. పైనున్న అక్కకి చెప్పండి..."

"నువ్వెందుకే అంత కంగారు పడతావు? ఆయన వచ్చేశాడుగా. డిటెక్టివ్ మేడం పంపిందన్నాడు, ఆ అమ్మాయిని జాగ్రత్తగా తీసుకెళ్లమందట. పెద్ద మీసాలు. చాలా మర్యాదస్తుడు. నేను దారి చూపిస్తానంటే, మోకాళ్ల నొప్పులతో మీకెందుకమ్మా మెట్లు, కూర్చోండి అన్నాడు."

అవతల పెద్దావిడ కుర్చీ జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"పైకెళ్లి ఐదు నిమిషాలైందే. ఏం మాట్లాడుకుంటున్నారో ఏమో, చప్పుడే లేదు."